క్షమాపణము చెప్పించవచ్చునా?

గత కార్తికమున మఠమునకు పోయినప్పుడు, ప్రసాదానంతరము అరుగుమీద కూర్చుండిన పెద్దలొకరు నన్ను దగ్గరకు పిలిచి, "పంతులుగారూ, ఇప్పుడు బడులల్ల దయకు, ఓర్పుకు, దోస్తానుకు గూడ పీరియడ్లు పెట్టి, ఆటలాడిపిచ్చి నేర్పుతున్నరంట గద! గంట గొడితె వచ్చి, గంట గొడితె పోయేదా అండి దయ?" అని యడిగిరి. చుట్టునున్నవారు నవ్విరి. నేనును నవ్వితిని. ఏదో సమాధానము చెప్పి లేచి వచ్చితినే కాని, ఇల్లు చేరులోపల ఆ నవ్వు నన్ను విడిచిపోయినది. వారు పరిహాసముగ అడిగినను అది పరిహాసపు ప్రశ్న కాదు. బిడ్డలను కన్నవారును, బిడ్డలకు చదువు చెప్పువారును, మఠముల విద్యార్థి నిలయములలో బిడ్డలను పెంచువారును ఏదో యొకనాడు ఎదుర్కొనక తప్పని ప్రశ్న. దానికి నాకు తోచిన సమాధానమును, అంతకంటె ముందు నేను చేసిన యొక తప్పిదమును పాఠకుల యెదుట నుంచుచున్నాను.

ఆ సంభాషణకు వారము దినముల ముందు నా ఎనిమిదవ తరగతిలో ఒక బాలుడు తోటివాని కంపాసు పెట్టెను నేలవేసి కాలితో త్రొక్కెను. పెట్టె మూత వంగిపోయినది. లోపలి వృత్తలేఖిని విరిగినది. కారణమేమని నేను విచారింపలేదు. పాఠమునకు ఆలస్యమగుచుండెను. ఇరువురను బల్లయెదుట నిలిపి, "సారీ చెప్పు" అంటిని. బాలుడు పలుకలేదు. గద్దించితిని. తల వంచుకొని ఏదో గొణిగెను. "అందరికి వినబడవలె" నంటిని. వినబడునట్లు చెప్పెను. "చేతులు కలుపుడు" అంటిని. కలిపిరి. తరగతి చప్పట్లు కొట్టినది. ఒక తగవును అయిదు నిమిషములలో తీర్చితినను తృప్తితో నేను పద్యభాగములోనికి పోయితిని. మధ్యాహ్న భోజన విరామమున, నీళ్ల ట్యాంకు వెనుక, ఆ బాలుడే రెండవవాని చొక్కా పట్టుకొని కొట్టుచుండెను. నేను పరుగున పోయి విడదీసి, "ఇప్పుడే గదరా సారీ చెప్పినావు!" అని యరచితిని. వాడు నా ముఖము వంక తిన్నగా చూచి, "మీరు చెప్పుమన్నరు, చెప్పిన గద సార్. ఇంక నేనేం బాకీ ఉన్న?" అనెను.

నా ముప్పది యేండ్ల ఉపాధ్యాయ వృత్తిలో నన్నింతగా నిరుత్తరుని చేసిన వాక్యము వేరొకటి లేదు. వాని లెక్క సరిగానే యున్నది. నేను క్షమాపణమును ఒక సుంకముగా విధించితిని. వాడు దానిని చెల్లించెను. చెల్లించిన పిమ్మట వాని కోపము వానికి స్వంతమైనది. అలంకారశాస్త్రము చదివినవారికి అవహిత్థ యను మాట తెలిసియే యుండును. భరతుడు నాట్యశాస్త్రమున లెక్కించిన 33 వ్యభిచారి భావములలో నదియొకటి. లోపలి భావమును ముఖమున కనబడనీయక దాచుటయే అవహిత్థ. నాటకమున నది శోభయే. కాని ఆనాడు నేను నలుబది మంది యెదుట, పదుమూడేండ్ల బాలునిచేత అవహిత్థను అభ్యాసము చేయించి, దానికి క్షమాపణమని పేరు పెట్టితిని. చప్పట్లు కొట్టిన తరగతికి గూడ అదే పాఠము నేర్పితిని.

ఇంతకు పెద్దలు పరిహసించిన ఆ పీరియడుల సంగతి యేమి? ఈ విషయమునకు సాంఘిక భావోద్వేగ విద్య యని పేరు. తన మనస్సును తానెరుగుట, దానిని అదుపున నుంచుకొనుట, ఎదుటివాని స్థితి గ్రహించుట, నలుగురితో మెలగుట, బాధ్యతతో నిర్ణయించుకొనుట అను అయిదింటిని దీని అంగములుగా చెప్పుదురు. ఈ విభాగము అమెరికాలో 1994లో ఏర్పడిన క్యాసెల్ అను సంస్థ ప్రచారము చేసినది. మరుసటి యేడు డేనియల్ గోల్‌మన్ వ్రాసిన గ్రంథము దీనికి లోకమంతట పేరు తెచ్చినది. మన దేశమున ఢిల్లీ ప్రభుత్వము 2018 జూలైలో, దలైలామా సమక్షమున, నర్సరీ మొదలు ఎనిమిదవ తరగతి వరకు ఆనంద పాఠ్యప్రణాళిక యను పేర దినమునకొక పీరియడును ప్రారంభించినది. కొంతసేపు ధ్యానము, ఒక కథ, ఒక ఆట, దానిపై పిల్లల మాటలు. దానికి పరీక్ష లేదు. పరీక్ష పెట్టకపోవుట ఆ ప్రణాళికలో నాకు మిక్కిలి నచ్చిన యంశము. 2020 నాటి జాతీయ విద్యావిధానము గూడ ఈ వికాసమును విద్యా లక్ష్యములలో చేర్చినది.

ఫలితము కలదా యని యడుగువారికి ఒక లెక్క చూపుదురు. 2011లో ప్రకటింపబడిన యొక పరిశీలనలో 213 కార్యక్రమములను, రెండు లక్షల డెబ్బది వేలమంది విద్యార్థులను కలిపి చూచిరి. ఇట్టి శిక్షణ పొందినవారి ప్రవర్తన మెరుగుపడుటయే కాక, చదువులో గూడ నూరుగురి వరుసలో నడుమ నిలువవలసినవాడు పదునొకండు మెట్లు పైకి పోయెనని తేలినది. ఈ లెక్కను నేను కాదనను. కాని దయవలన మార్కులు పెరుగునని చెప్పి దయను సిఫారసు చేయవలసిన స్థితికి వచ్చితిమి గదా యని మాత్రము కొంత చిన్నతనముగా నుండును. మార్కులు తగ్గునని తేలియున్నచో మానివేసెదమా?

అసలు చిక్కు వేరు. ఇది ప్రాచీనమైనది. ఇల్లు కట్టి కట్టి కట్టువాడగునట్లు, వీణ వాయించి వాయించి వైణికుడగునట్లు, న్యాయమైన పనులు చేసి చేసియే మనుష్యుడు న్యాయవర్తనుడగునని గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ చెప్పెను. ఈ మతమున ముందు చేయి, పిదప మనస్సు. దీని ప్రకారము నేను బాలునిచేత సారీ చెప్పించుట తప్పు కాదు. నూరుసార్లు చెప్పగా చెప్పగా నూటయొకటవసారి అది నిజమగును. జర్మను దార్శనికుడు కాంట్ దీనికి భిన్నముగా చెప్పెను. ఏమియు నెరుగని చిన్నపిల్లవానికి గూడ సరియైన వెలకే సరకునమ్ము వర్తకుని ఆయన ఉదాహరణముగా తీసికొనెను. బేరము చెడునను భయముతో వాడట్లు చేసినచో, ఆ పని ధర్మమునకు అనుకూలముగ నున్నదే కాని ధర్మబుద్ధితో చేసినది కాదు గనుక, దానికి నైతికమైన విలువ లేదనెను. ఈ మతమున నా బాలుని క్షమాపణము కేవలము శబ్దము. ఇద్దరిలో ఎవరి పక్షము వహింతుము? తరగతి గదిలో నిలుచున్నవానికి ఇద్దరును నిజమే చెప్పుచున్నట్లు తోచును.

మన పత్రిక పాఠకులకు ఇచ్చట బసవేశ్వరుని వచనమొకటి తప్పక జ్ఞప్తికి వచ్చును. దొంగతనము, హింస, అసత్యము అను మూడింటితో బాటు కోపమును, ఇతరులయెడ ఏవగింపును, ఆత్మస్తుతిని, పరనిందను ఆయన యొకే వరుసలో నిషేధించి, ఇదియే లోపలి శుద్ధి, ఇదియే బయటి శుద్ధి యని రెంటిని వేరు చేయక చెప్పెను. ఏడింటిలో చివరి నాలుగును తరగతి గదిలో దినదినము నడచునవే. ఐతే, కోపమును విడువుమని చెప్పిన ఆయనయే లోపలి భావమును శాసించెను గదా, నీవు బాలుని శాసించుటలో తప్పేమని యొకరు నన్నడుగవచ్చును. నాకు తోచిన భేదమిది. ఆ మాటను ఒక నియమముగా తనకు తాను స్వీకరించువాని స్థితి వేరు. పదుమూడేండ్ల వాని కోపమును బెత్తము వంటి కంఠస్వరముతో మరియొకడు లాగికొనుట వేరు. దీక్షను ఇత్తురు, తీసికొందురు. ఎవరును జప్తు చేయరు.

ఈ భేదమును నాకు స్పష్టపరచినది ఒక అమెరికను ఉపాధ్యాయిని. వివియన్ పేలీ చికాగో విశ్వవిద్యాలయమునకు చెందిన ల్యాబొరేటరీ పాఠశాలలో చిరకాలము శిశుతరగతులకు బోధించినది. 2019లో గతించినది. తన తరగతిలో కొందరు పిల్లలు ఎల్లప్పుడును ఆటలకు నాయకులగుటయు, మరికొందరు దినదినము "నీవు రావద్దు" అను మాట వినుచుండుటయు ఆమె గమనించినది. ఆ కొందరు ఏడాది పొడుగున ఆ కొందరే. ఆమె ఒక నియమమును ప్రతిపాదించినది: ఎవరును ఎవరిని ఆటకు రావద్దనరాదు. కాని వెంటనే అమలు జరుపలేదు. ముందు తన పిల్లలతో చర్చించినది. పిమ్మట పై తరగతులకు పోయి, ఈ నియమము న్యాయమేనా, ఇది నడచునా యని యొక్కొక్క తరగతిని అడిగినది. న్యాయమే కాని నడువదని పెద్దపిల్లలలో పలువురనిరి. తిరస్కారమును సహించుట గూడ నేర్చుకొనవలె గదా యని కొందరనిరి. నాకిష్టములేనివానితో ఆడుట ఆట యెట్లగునని చిన్నపిల్లలు వాదించిరి. ఇన్ని సందేహముల పిమ్మట నియమము వచ్చినది. నిలిచినది. పిల్లలు తాము భయపడినంత బాధపడలేదు. ఎప్పుడెవరు తరిమివేయుదురోయను దిగులు తగ్గుటచే తరగతి తేలికపడినది. ఈ అనుభవమునంతయు ఆమె 1992లో ఒక చిన్న గ్రంథముగా ప్రకటించినది.

ఆ నియమపు మాటలను మరల చదువుడు. వానిని ప్రేమింపుమని అందులో లేదు. వానిని జూచి సంతోషింపుమని లేదు. రావద్దని పలుకరాదు. అంతే. మనస్సు జోలికి పోక నాలుకకు, చేతికి మాత్రమే హద్దు పెట్టినది. ఒక బిడ్డ మరియొక బిడ్డను గాయపరచు పనిని ఉపాధ్యాయుడు ఆపవచ్చును. ఆపి తీరవలెను. విరిగిన వస్తువును బాగుచేయించవచ్చును. కాని పశ్చాత్తాపమును, స్నేహమును, దయను ఆజ్ఞాపించు అధికారము అతనికి లేదు. ఆజ్ఞాపించినచో వచ్చునది వాని వేషము మాత్రమే. పేలీ చేసిన మరియొక పనిని గూడ మరువరాదు. నియమము పెట్టుటకు ముందు పిల్లలను అడిగినది. కల్యాణ పట్టణమున అనుభవమంటపమున కూర్చున్నవారిలో చర్మకారులు, పడవ నడుపువారు, స్త్రీలు నుండిరని మనము పర్వదినములందు గర్వముగా చెప్పుకొందుము. మన యిండ్లలో ఎనిమిదేండ్ల బిడ్డ అభిప్రాయమును ఎప్పుడైన అడిగితిమా యనునది వేరు సంగతి.

ఇక రెండవ తరగతి గది టెక్సాసు రాష్ట్రమున ఆస్టిన్ నగరములోనిది. 1971లో అచ్చటి పాఠశాలలలో తెల్లవారి పిల్లలను, నల్లవారి పిల్లలను, మెక్సికో సంతతి పిల్లలను మొదటిసారి కలిపి కూర్చుండబెట్టిరి. తగవులు మొదలైనవి. మనస్తత్త్వ శాస్త్రవేత్త ఎలియట్ ఆరన్‌సన్‌ను సలహాకై పిలిచిరి. ఆయన తరగతులలో కూర్చుండి చూడగా, ఉపాధ్యాయుడు ప్రశ్న వేయుటయు, ఆరుగురు చేతులెత్తుటయు, ఒకనిని పిలువగా తక్కిన అయిదుగురు వాడు తప్పు చెప్పవలెనని కోరుకొనుటయు కనబడినది. మన బడులలో కనబడనిదేమియు కాదు. ఆయన దయను గూర్చి ఉపన్యసింపలేదు. పాఠమును ఆరు ముక్కలు చేసెను. ఆరుగురి జట్టులో ఒక్కొక్కరికి ఒక్కొక్క ముక్క ఇచ్చెను. ఒకే ముక్క వచ్చినవారు వేరుగా కూడి దానిని బాగుగ నేర్చుకొని, తమ జట్టునకు తిరిగివచ్చి తక్కినవారికి చెప్పవలెను. పిదప పరీక్ష పాఠమంతటిపైన నుండును. ఇంటిలో స్పానిషు మాటలాడు నొక బాలుడు తన ముక్కను చెప్పలేక తడబడగా, అలవాటు చొప్పున తోటివారు గేలిచేసిరి. గేలిచేసినంత మాత్రమున వాని యొద్దనున్న విషయము తమకు రాదని, కొద్దిసేపటిలో పరీక్ష యున్నదని వారికి గుర్తుచేసిరి. కొన్ని దినములలో వారు వానిని ఓపికగా ప్రశ్నలడుగుట నేర్చిరి. ప్రశ్న మంచిదైనచో వాడు చక్కగా చెప్పగలడని తెలిసికొనిరి. మొదట అవసరము. పిదప వినుట. వినగా వినగా వాడొక మనుష్యుడని తెలియుట. కాంట్ దీనిని చూచినచో వర్తకుని బేరమే యనును గాబోలు. అరిస్టాటిల్ మాత్రము సంతోషించును.

నేను గూడ ఒక గద్యపాఠమును అయిదు ముక్కలుగ కత్తిరించి ప్రయత్నించితిని. మొదటి దినము గది సంత వలె నుండెను. ప్రక్క తరగతి ఉపాధ్యాయుడు వచ్చి తొంగి చూచి పోయెను. ఒక జట్టులో తెలివిగల బాలుడొకడు తక్కిన నలుగురి కాగితములను లాగికొని, అన్నియు తానే చదివి, అందరిచేత వ్రాయించివేసెను. వానిని ఇప్పటికిని పూర్తిగ మార్చలేకపోయితిని. మరియొక జట్టులో ఇటుక బట్టీలకు వలసపోయి దసరా తరువాత తిరిగి వచ్చిన బాలిక యుండెను. అక్షరములు కూడబలుకుకొని చదువును. తోటివారు విసుగుకొనిరి. మూడవ వారమున ఒక పిల్ల, "చదువకు, కథ లెక్క చెప్పు" అనినది. ఆ బాలిక కాగితము మూసి చెప్పనారంభించినది. తరగతిలో అంత చక్కగ కథ చెప్పగలవారు లేరని ఆనాడు నాకును తెలిసినది. జూన్ నుండి నా రిజిస్టరులో ఆమె పేరు ప్రక్కన వెనుకబడినదని నేనే వ్రాసి యుంటిని.

మూడవ తరగతి గదిని గూర్చి చెప్పుటకు కొంత జంకు కలుగుచున్నది. 1968 ఏప్రిలు 4న మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగినది. మరునాడు అయొవా రాష్ట్రమున రైస్‌విల్ అను చిన్న ఊరిలో, తెల్లవారే యున్న మూడవ తరగతిలో, జేన్ ఎలియట్ అను ఉపాధ్యాయిని పిల్లలను కన్నుల రంగును బట్టి రెండు వర్గములు చేసినది. నీలి కన్నులవారు, గోధుమ కన్నులవారు. ఒక వర్గము ఉత్తమమని, రెండవది అధమమని చెప్పినది. ఉత్తములకు ఆటకు ఎక్కువ సమయము. అధములకు మెడకు గుర్తు పట్టీలు. వారు ఉత్తములు త్రాగు నీటికుళాయి ముట్టరాదు. తరువాత వర్గములను తారుమారు చేసినది. గంటలలోనే పిల్లలు మారిపోయిరి. నిన్నటివరకు స్నేహితులైనవారు పరిహసించుకొనిరి. అధములనిపించుకొన్నవారు తెలిసిన లెక్కలను గూడ తప్పు చేసిరి. 1970లో ఈ యభ్యాసమును చలనచిత్రముగా తీసిరి. 1985లో ప్రసారమైన మరియొక చిత్రములో, పెరిగి పెద్దవారైన ఆ పిల్లలే, దానివలన తమకు మేలు కలిగినదని చెప్పిరి. ఐనను ఆ ఊరిలో ఆమెయు, ఆమె బిడ్డలును చాల వెలివేతకు గురియైరి. తెలిసీ తెలియని బిడ్డలకు అబద్ధము చెప్పి, ఏడిపించి, సత్యము నేర్పవచ్చునా యను విమర్శ నేటికిని ఆగలేదు.

ఆమె ధైర్యమునకు నేను నమస్కరింతును. ఆ పనిని మాత్రము నేను చేయను. మన దేశమున 2009 నాటి విద్యాహక్కు చట్టము బిడ్డలకు దేహదండనమునే కాక మానసిక వేధింపును గూడ నిషేధించియున్నది గనుక మాత్రమే కాదు. రైస్‌విల్‌లోని పిల్లలకు ఆ పట్టీ ఒక దినపు సంగతి. సాయంకాలము విప్పివేయుదురు. నా తరగతికి వచ్చువారిలో కొందరు బిడ్డలు ఆ పట్టీతోనే ఇంటినుండి బయలుదేరుదురు. ఎవరి నీళ్లు ఎవరు త్రాగరో వారికి ఆటగా నేర్పవలసిన పని లేదు. వారి యెదుట ఆ నాటకమాడించుట, కాలిన చేతివానికి నిప్పు గుణము చూపించుట యగును. మన సమాజము కులభేదమును కాదని పుట్టినదని చెప్పుకొనుచు, మన పెండ్లి పంక్తులలోనే ఎవరిని ఎక్కడ కూర్చుండబెట్టుచున్నామో ఒకసారి చూచుకొన్నచో, ఆ పట్టీలు ఎవరి చేతులు కట్టినవో తెలియును. పాఠము అవసరమైనది పట్టీ లేనివానికే. వానికి అది ఒక బాలిక చెప్పిన కథను చెవియొగ్గి వినుట వలన వచ్చుచుండగా, ఇంకొకని కన్నీటితో కొనవలసిన పని యేమి?

ఇక నేను తెలుగు పండితుడను గనుక నా వృత్తికి దగ్గరైన యభ్యాసమొకటి చెప్పుదును. ఈ ప్రణాళికలలో గోడకు కొన్ని ముఖముల బొమ్మలు తగిలించి, సంతోషము, దుఃఖము, కోపము, భయము అని నాలుగు పేర్లు వ్రాసి, నేడు నీ ముఖమేదో చూపుమని పిల్లలనడుగుదురు. మంచిదే. కాని మన భాషకు నాలుగు చాలునా? కోపమునే తీసికొనుడు. కినుక యనగా పైకి చెప్పని చిన్న కోపము. అలుక ప్రేమించినవారిమీదనే కలుగును. బుజ్జగింతురను ఆశ లేనిచోట ఎవరును అలుగరు. రోషము మానము దెబ్బతిన్నప్పటిది. ఉక్రోషము ఏమియు చేయలేనివాని కోపము. అది ఏడుపునకు పొరుగిల్లు. చిరాకు ఎండకును, ఆకలికిని గూడ వచ్చును. భయములో జంకు, బెరుకు, బెదురు కలవు. దుఃఖములో దిగులు వేరు, బెంగ వేరు. హాస్టలులో చేర్చిన మొదటి వారమున పిల్లవానికి వచ్చునది బెంగ. దానికి దుఃఖమని పేరు పెట్టినచో మందు తప్పును.

ఉదయము హాజరు పిలిచిన పిమ్మట ఒక చిన్న చీటీమీద నాటి మాట నొక్కటి వ్రాసి నా బల్లమీది డబ్బాలో వేయుమంటిని. పేరు వ్రాయుట వారి యిష్టము. కారణము వ్రాయనక్కరలేదు. ఎవరి చీటీని తరగతిలో చదువను. మొదటి వారము "బాగుంది" అనియే అన్ని చీటీలు. రెండవ వారమున ఒకటి రెండు కొత్త మాటలు వచ్చినవి. సరిహద్దు గ్రామముల పిల్లలు కొందరు కన్నడ మాటలు తెలుగు లిపిలో వ్రాసిరి. వానిని అడిగి తెలిసికొని నేను నేర్చుకొంటిని. ఆకలి అని వ్రాసిన చీటీ ఒకటి వచ్చినది. అది భావమా కాదా యని అలంకారశాస్త్రమును తిరుగవేయక, వంటగదికి పోయి, ప్రొద్దున తినక వచ్చు పిల్లలెందరో విచారించితిని.

బెజ్జమహాదేవి కథను ఎనుబది, తొంబది సార్లు చెప్పియుందును. పాల్కురికి సోమనాథుని బసవపురాణమున అది యెంత సుకుమారమైన ఘట్టమో పాఠకులకు చెప్పవలసిన పని లేదు. లోకమంతయు శివుని వరములడుగుచుండగా, ఆమె యొక్కతె, అయ్యో, ఇతనికి తల్లి లేదే, తల్లియే యున్నచో విషము త్రాగనిచ్చునా యని జాలిపడినది. ఇన్నాళ్లును దానిని భక్తికథగా, పరీక్షకు వచ్చు ప్రశ్నగా చెప్పితిని. ఈ యేడు చెప్పిన పిమ్మట, మీరు ఎల్లప్పుడును బలవంతుడనుకొను మనిషి నొకనిని తలచుకొని, వానికి లేనిదేదో ఆలోచింపుడని యడిగితిని. కెనడాలో టొరంటో నగరమున 1996లో మేరీ గోర్డన్ ప్రారంభించిన యొక కార్యక్రమమున, నెలల బిడ్డను తల్లితో సహా తరగతికి ఏడాదిపాటు రప్పించి, ఈ బిడ్డ ఇప్పుడేమి కోరుచున్నదని పిల్లలచేత ఊహింపజేయుదురు. మాటరాని బిడ్డ గనుక చూచి తెలిసికొనవలెను. మహాదేవి చేసినదియు అట్టి చూపే. పిల్లలలో ఒకరు నాన్నను, ఒకరు ప్రధానోపాధ్యాయుని, ఒకరు నన్ను తలచుకొనిరి. నాకు లేనిదేదో వ్రాసిన ఆ కాగితమును నేను ఇంటికి తెచ్చుకొంటిని.

చీటీల డబ్బా మొదలుపెట్టిన నాలుగవ వారమున, కంపాసు పెట్టె త్రొక్కిన బాలుడు తన పేరు వ్రాసి, క్రింద ఉక్రోషము అని వ్రాసెను. బడి విడిచిన పిమ్మట నిలిపి, చెప్పుట నీ యిష్టమంటిని. చాలసేపు నిలుచుండి చెప్పెను. ఆ దినము ఉదయము రెండవవాడు నలుగురిలో, "మీ అమ్మ మా ఇంట్ల గిన్నెలు తోముతది, నీకెందుకురా నా కంపాసు" అనెనట. వీడు అడిగినది వృత్తలేఖినిని ఒక్క నిమిషము. నేను నలుబది మంది యెదుట బిగ్గరగా క్షమాపణము చెప్పించినది వీనిచేత.

మరునాడు రెండవవానిని పిలిచితిని. వానిచేత సారీ చెప్పింపవలెనని నా నాలుక చివరివరకు వచ్చినది. ఆపుకొంటిని. ఆ మాట ఇకముందు నా తరగతిలో పలుకరాదని మాత్రము చెప్పితిని. బాలునితో, నాడు కారణమడుగకుండుట నా తప్పని వాని యెదుటనే ఒప్పుకొంటిని. వాడేమియు అనలేదు. శనివారము వాడు పెట్టె మూతను ఇంటికి తీసికొనిపోయి, రాతిమీద కొట్టి చాలవరకు చక్కజేసి తెచ్చెను. వృత్తలేఖినిని నేను కొనితెచ్చితిని. ఇరువురును ఇప్పుడు ఒకే బల్లమీద కూర్చుండుచున్నారు, నడుమ మూడవవాడున్నాడు. వారు మాటలాడుకొనగా నేను వినలేదు. మఠమునందలి పెద్దలు మొన్న మరల కనబడి, విద్యార్థి నిలయపు పిల్లలకు గూడ ఆ చీటీల డబ్బా పెట్టింపుమనిరి. చీటీలు ఎవరు చదువుదురని యడిగితిని. ఆలోచించి చెప్పెదమనిరి.